జాబర్ నుండి టీమ్ లీడర్ దాకా
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కామాఠీపురకు ఆ పేరు మన పూర్వుల శ్రమ వలన వచ్చింది. నిజాం రాజ్యం నుండి వలస వచ్చి ఈ నగరంలో కట్టడాల పనులు చేసిన కామాఠీలు నివసించిన చోటు గనుక అది కామాఠీపుర అయింది. తరువాతి తరాలవారు, ముఖ్యంగా పద్మశాలీలు, వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్ళలో కాపురముండి బట్టల మిల్లులలో మగ్గాలు నడిపారు. 1982 జనవరి 18న ఆరంభమైన సమ్మె తరువాత ఎన్నో మిల్లులు మూతపడ్డాయి. ఆ స్థలాలలో అనేకం నేడు కార్యాలయ భవనాలు. తాతలు మగ్గం నడిపిన పేటలోనే మనుమలు, మనుమరాండ్రు కంప్యూటర్ ముందు కూర్చుంటున్నారు. కొందరు సాఫ్ట్‌వేర్ బృందాలకు నాయకులవుతున్నారు. వారిని ఉద్దేశించియే ఈ నాలుగు మాటలు.

మిల్లులో జాబర్ కూడా కార్మికులలో నుండి పైకి వచ్చినవాడే. మగ్గం మొరాయిస్తే సరిచేసే నేర్పు, మనిషిని పనిలో పెట్టే అధికారం రెండూ అతని చేతిలో ఉండేవి. ఊరినుండి వచ్చినవానికి తలదాచుకొనే చోటు చూపిన జాబర్లు ఉన్నారు. పని ఇప్పించినందుకు దస్తూరీ గుంజినవారూ ఉన్నారు. 1931 నాటి రాయల్ కమిషన్ నివేదిక ఈ లంచాలను ఎత్తిచూపింది. 1935లో మిల్లు యజమానుల సంఘం బద్లీ కార్మికులకు కార్డులిచ్చే పద్ధతి పెట్టి జాబర్ పెత్తనాన్ని తగ్గించబూనింది. నేర్పు వలన పదవి రావచ్చును. పదవికి తగిన నడత వేరుగా అలవరచుకోవాలని ఈ చరిత్ర చెబుతున్నది.

మంచి ప్రోగ్రామర్ నాయకుడు కాగానే కష్టమైన పనులన్నీ తానే చేయబోతాడు. పని త్వరగా ముగుస్తుంది గాని, పక్కవాడు నేర్చుకోడు. అతడు రెండు రోజులు సెలవు పెడితే బృందమే ఆగిపోతుంది. గూగుల్ సంస్థ తన మేనేజర్లపై జరిపిన పరిశీలన 2011లో వెల్లడైంది. ఉత్తమ మేనేజర్‌కు ఉండవలసిన ఎనిమిది లక్షణాలలో, చేయి పట్టి నేర్పే గుణం మొదట, సాంకేతిక జ్ఞానం చివర నిలిచాయి. జ్ఞానం అక్కరలేదని కాదు, అది ఒక్కటే చాలదని భావం.

రెండవది గడువు. మగ్గాలు, మనుషులు పెరిగితే బట్ట పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ అట్లా కాదు. ఆలస్యమైన పనికి మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని ఐబీఎంలో పనిచేసిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే వ్రాశాడు. ఐదుగురి మధ్య సంభాషణకు 10 దారులు, పదిమందికి 45. పైగా కొత్తవారికి నేర్పడానికి పాతవారు పని ఆపాలి. కనుక గడువుకు పని తీరదని తెలిసినప్పుడు, పిల్లలను రాత్రింబవళ్ళు కూర్చోబెట్టక, ఏ భాగం తగ్గించాలో పైవారికి ముందే చెప్పగల ధైర్యం నాయకునికి ఉండాలి.

మూడవది తప్పు. 2016 మార్చిలో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన 'టే' అనే సంభాషణా యంత్రం అనుచితంగా మాట్లాడగా, ఒక్కరోజులోనే ఉపసంహరించవలసి వచ్చింది. సంస్థ అధిపతి, మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల, ఆ బృందాన్ని నిందించక, నేర్చుకొని ముందుకు సాగండని ధైర్యం చెబుతూ లేఖ వ్రాశారు. తప్పు చెప్పినవానిని దండిస్తే రెండవసారి ఎవ్వరూ చెప్పరు. దాచిన తప్పు చివరకు వాడుకరి దగ్గర బయటపడుతుంది.

చివరిది మన బడికి సంబంధించిన మాట. తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డ సమావేశంలో మౌనంగా ఉంటే తెలివి లేదనుకోరాదు. ఇంగ్లీషులో వాక్యం కూర్చుకొనేలోగా చర్చ దాటిపోతుంది. చర్చించే విషయం ముందురోజే వ్రాసి పంపండి. చిన్నవారిని ముందు అడగండి. మీరు చివర మాట్లాడండి. ఖర్చులేని ఈ మూడు పద్ధతులతో ఎందరి ప్రతిభో వెలుగులోకి వస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. "ఇప్పుడు నేను ప్రోగ్రాములు వ్రాయడం తగ్గింది, పదిమంది చేత వ్రాయిస్తున్నాను" అని మీ బిడ్డ అంటే, పని తగ్గిందనుకోకండి. పదిమంది బాధ్యత తలకెత్తుకొన్నాడని గ్రహించండి. మన వాడల నుండి వెళ్ళే నాయకులు జాబర్ నేర్పును నిలుపుకొని, దస్తూరీ బుద్ధిని విడిచిపెట్టాలని ఆశిస్తూ, ఈ విద్యాలయం శతవసంతాలు చూడాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.