పాపుగారి పేర, పాపుగారికి బదులు

1800వ సంవత్సరమున దత్తమండలములు కంపెనీ చేతికి వచ్చినపుడు కంభము సీమ రైతులు ఎరిగినది లండనులోని డైరెక్టర్లను కాదు. మన్రో దొరను, ఆయన క్రింది ఉద్యోగులను. అధికారము ఒకరిది, దానిని చెలాయించువారు వేరొకరు. ఈ ఏర్పాటు రాజ్యపాలనకే కాక క్రైస్తవ మఠపాలనకును ఉండెనని నేడు మనవిచేయ దలచితిమి.

కథోలిక సంఘమున మేత్రాణులు తమ మేత్రాసనమును తమ పదవీ హక్కుచేతనే పాలింతురు. మేత్రాసనము ఇంకను ఏర్పడని మిషను భూములలో మాత్రము అట్లు కాదు. అచటికి పాపుగారు తమ ప్రతినిధిని పంపుదురు. అతనికి ‘వికార్ అపోస్తలిక్’ అని పేరు. సాధారణముగా అతనికి మేత్రాణుల అభిషేకము జరుగును. కాని అతని బిరుదు ఎన్నడో క్రైస్తవ పీఠము అంతరించిన ఏదో ప్రాచీన నగరము పేర నుండును. చూచుటకు మేత్రాణులే, పాలించుట మాత్రము పరుల పేర! ఈ పద్ధతికి మన దేశమున తొలి ఉదాహరణము గోవా బ్రాహ్మణ కుటుంబమునకు చెందిన మత్తెయి దె కాస్త్రో. 1637లో ఆయన బీజాపూరు రాజ్యమునకు నియమితులైరి.

మద్రాసు వికారియతు 1832లో వెలసెను. దానినుండి విడివడి హైదరాబాదు 1851లో ప్రత్యేక వికారియతు అయ్యెను. తెలుగుసీమలో చాలభాగము ఇట్లు పాపుగారి ప్రతినిధుల క్రిందికి వచ్చెను. చిక్కేమనగా, మద్రాసు ప్రక్కనే శాంథోములో 1606నాటి మైలాపూరు మేత్రాసనము ఉండెను. దానిపై పోర్చుగీసు రాజునకు సంరక్షణ హక్కు. 1838లో గ్రెగొరీ 16వ పాపుగారు మైలాపూరు అధికారమును తొలగించి వికార్‌లకు అప్పగించిరి. పోర్చుగీసు పక్షపు గురువులు దానిని అంగీకరింపలేదు. ఇక సామాన్య కుటుంబము గతి యేమి? ఈ గురువు చేసిన వివాహము చెల్లునా, చెల్లదా? ఆ పాపసంకీర్తనమునకు విడుదల దొరకినట్లా, కాదా? పెద్దల తగవు పెండ్లిపందిరిలో ప్రవేశించెను. పై అధికారులు తాము వ్రాయు ఆజ్ఞలలో ఈ భయమును ఎంతవరకు ఊహించిరో మాకు సందేహమే.

ఈ పాలనలో మాకు మిక్కిలి వివేకముగా తోచిన నిబంధన ఒకటి కలదు. వికార్ అపోస్తలిక్ బాధ్యత స్వీకరించిన వెంటనే ఒక ‘ప్రొవికారు’ను నియమింపవలెను. ప్రతినిధికి మరల ప్రతినిధి యన్నమాట. వికారు మరణించినచో రోము నుండి ఉత్తరువు వచ్చువరకు పాలన అతనిదే. ఉత్తరము ఓడలో నెలలకొలది ప్రయాణించిన కాలమున అది లేనిచో మిషను తల లేని మొండెమే. 1983నాటి ధర్మశాస్త్రమున కూడ ఈ నియమము నిలిచియున్నది.

1886లో 13వ లియో పాపుగారు భారతదేశమున స్థిరమైన పీఠవ్యవస్థను నెలకొల్పిరి. మద్రాసు అగ్రమేత్రాసనము, హైదరాబాదు, విశాఖపట్టణము మేత్రాసనములు అయ్యెను. మద్రాసు వికారు జోసఫ్ కోల్గన్ గారే తొలి అగ్రమేత్రాణులైరి. మనుష్యుడు ఒకడే, కుర్చీయు ఒకటే. అరువు అధికారము మాత్రము సొంతమయ్యెను. నెల్లూరు 1928లో మద్రాసు నుండి విడివడెను. మద్రాసు, మైలాపూరు పీఠములు 1952లో గాని ఏకము కాలేదు.

గిద్దలూరు వైపు ఇటువంటి కథ వేరొక సంఘమున, పాపుగారితో నిమిత్తము లేకయే, మరల జరిగెను. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో అధికసంఖ్యాకులు అందు చేరలేదు. నల్లమల పాదములనున్న వారి పాలన దూరమున కలకత్తాలోని మెట్రోపాలిటన్ పేర, ఆయన ప్రతినిధి ద్వారా సాగెను. 1963లో నంద్యాలకు సొంత డయోసీసు ఏర్పడెను. 1975లో అది దక్షిణ ఇండియా సంఘమున కలిసెను. సొంత డయోసీసు ఏర్పడువరకు, తమ గుడిని గూర్చిన తుదిమాట కొరకు ఆ పల్లెలవారు పదునారు సంవత్సరములు హుగ్లీ ఒడ్డువైపు చూచుచుండిరి.