పెరటి పురుగులకు మందు డబ్బా అక్కరలేదు
(మన సంఘం సాలూరు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించీ, బకాయిల గురించీ మాట్లాడుకునే ఈ వేదిక మీద పురుగుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇది కూడా మనకు సంబంధించిన విషయమే. తెల్లవారగానే పెరట్లోకో, మేడ మీది కుండీల దగ్గరకో వెళ్ళని వారు మనలో తక్కువ. ఆనప పాదు, బీర పాదు, నాలుగు వంగ మొక్కలు, కరివేపాకు, మునగ, ఒక కొబ్బరి చెట్టు - ఇదీ మన ఆస్తి. వాటికి పురుగు పట్టగానే పొలానికి తెచ్చిన మందులో కాస్త అడిగి తెచ్చుకుని చల్లేయడం చాలా ఇళ్ళలో ఉన్న అలవాటు.

ఇక్కడొక తేడా గమనించాలి. పొలంలో మందు కొట్టాక కోతకు ఇన్ని రోజులు ఆగాలని లెక్క ఉంటుంది. పెరట్లో ఆ లెక్క లేదు. పొద్దున్న కొడతాం, సాయంత్రం పులుసులోకి కోడలు కోసుకుంటుంది. మనవడు ఆడుకుంటూ పచ్చి బెండకాయ తుంచి నోట్లో పెట్టుకుంటాడు. నుయ్యి పది అడుగుల దూరంలో ఉంటుంది. మందు చల్లే మనిషికి అరవై దాటి ఉంటాయి, ముక్కుకు గుడ్డ ఉండదు, చేతికి తొడుగు ఉండదు. మిగిలిన మందు కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెడతాం. ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో వేరే చెప్పనక్కరలేదు.

మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. కేరళలో కాసరగోడు జిల్లా జీడిమామిడి తోటల మీద ఏళ్ళ తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. ఆ చుట్టుపక్కల గ్రామాల జనం అనుభవించిన బాధలు దేశమంతా చూసింది. చివరకు 2011 మే 13న సుప్రీంకోర్టు ఆ మందును దేశవ్యాప్తంగా ఆపించింది. జీడి తోటలు మన జిల్లాల్లోనూ ఉన్నాయి కనుక ఇది దూరపు కథ అనుకోకూడదు.

ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. పెరట్లో కనిపించే ప్రతి పురుగూ శత్రువు కాదు. చిక్కుడు తీగకు పేనుబంక పట్టిందనుకోండి. అక్కడే ఎర్రటి రెక్కల మీద నల్ల చుక్కలతో గుండ్రటి చిన్న పురుగు తిరుగుతూ ఉంటుంది. అది రోజూ పదుల సంఖ్యలో పేనుబంకను తింటుంది. దాని పిల్ల మాత్రం చిన్న మొసలిలా నల్లగా ఉంటుంది. ఇదేదో చెడ్డ పురుగని మనం చంపేస్తుంటాం. మందు కొడితే ముందు చచ్చేవి ఇలాంటి మిత్రులే. శత్రువులు తొందరగా పెరుగుతాయి, మిత్రులు నిదానంగా పెరుగుతాయి. అందుకే ఒకసారి కొట్టినవాడు మళ్ళీ మళ్ళీ కొట్టవలసి వస్తుంది.

మిత్ర పురుగుల శక్తికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయికి కొత్త రకం పిండినల్లి కనిపించింది. మల్బరీకి, మందారానికి కూడా పాకింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. 2010లో బెంగళూరులోని కేంద్ర సంస్థ శాస్త్రవేత్తలు విదేశం నుండి గింజంత కూడా లేని ఒక పరాన్న జీవిని తెప్పించి వదిలారు. కొన్ని నెలల్లోనే పిండినల్లి అదుపులోకి వచ్చింది.

ఇక ఒక్కొక్క మొక్క సంగతి చూద్దాం.

వంగ: మొవ్వు వాలిపోయి కనబడితే లోపల పురుగు ఉన్నట్టే. అది కాడలోనూ, తరువాత కాయలోనూ దాక్కుంటుంది కనుక పైన ఎంత మందు చల్లినా తగలదు. వాలిన మొవ్వును రెండంగుళాలు కిందికి తుంచి కాల్చేయాలి, లేదా సబ్బు నీళ్ళలో ముంచాలి. పుచ్చు కాయలను అక్కడే పారేయకూడదు. వారానికి రెండుసార్లు ఈ పని చేస్తే నాలుగైదు మొక్కలకు ఇంకేమీ అక్కరలేదు. ఈ పురుగు కోసమే బీటీ వంకాయ తయారు చేశారు. దేశమంతా సభలు పెట్టి చర్చించాక 2010 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని నిలిపివేసింది. పెరట్లో మన వేళ్ళే దానికి విరుగుడు.

ఆనప, బీర, దోస, గుమ్మడి: లేత మొక్కకు ఎర్ర పెంకు పురుగు వస్తుంది. తెల్లవారు జామున ఆకు మీద మంచు ఉండగా జల్లెడ పట్టిన కట్టెల బూడిద చల్లడం మన అమ్మమ్మల పద్ధతి. అది ఇప్పటికీ పనిచేస్తుంది. ఉదయం చల్లదనానికి పురుగు మందకొడిగా ఉంటుంది కనుక చేత్తో ఏరడం కూడా అప్పుడే సులువు. పిందెలు వంకర తిరిగి కుళ్ళుతుంటే అది పండు ఈగ పని. పిందె కట్టగానే కాగితం సంచి గాని, పాత పలుచటి గుడ్డ గాని తొడగాలి. రాలిన కాయల్ని ఎరువు గుంటలో వేయవద్దు, లోపలి పిల్లలు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగలై వస్తాయి. ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి నాలుగు రోజులు ఎండలో పడేస్తే ఉడికి చస్తాయి.

మునగ: బొంత పురుగుల భయానికే చాలామంది పెరట్లో మునగ వేయరు. ఇవి రాత్రి ఆకు తిని పగలు మాను మీద గుంపుగా చేరుతాయి. అదే వాటి బలహీనత. పొడవాటి కర్రకు గుడ్డ చుట్టి కాగడా చేసి, చెట్టుకు వేడి ఎక్కువ తగలకుండా గుంపును కాల్చవచ్చు. ఇంటికప్పు దగ్గరగా ఉంటే నిప్పు వద్దు, చీపురుతో సబ్బు నీళ్ళ బకెట్టులోకి తోయండి. ఒళ్ళంతా కప్పుకోండి, ఆ నూగు తగిలితే దద్దుర్లు వస్తాయి.

కరివేపాకు, నిమ్మ: చిన్నప్పుడు పక్షి రెట్టలా, పెద్దయ్యాక పచ్చగా ఉండే పురుగు ఆకంతా తినేస్తుంది. చేత్తో ఏరితే సరిపోతుంది. ఒక దాన్ని గాజు సీసాలో ఆకులతో ఉంచి, మూతికి గుడ్డ కట్టి మనవలకు చూపించండి. కొద్ది వారాల్లో సీతాకోక చిలుకై బయటికి వస్తుంది.

తెల్లదోమ: బెండకు, టమాటాకు ఆకుముడత తెగుళ్ళు మోసుకొచ్చేది ఇదే. పసుపు రంగు దీనికి ఇష్టం. పాత రేకు ముక్కకు పసుపు రంగు వేసి, పైన ఆముదమో గ్రీజో పూసి మొక్కల ఎత్తున వేలాడదీస్తే వచ్చి అంటుకుంటుంది. లారీల ఊరు మనది, సాలూరులో గ్రీజుకు కొదవ లేదు గదా!

పేనుబంక, పిండినల్లి: ముందు చీమల్ని చూడండి. ఆ పురుగులు కార్చే తీపి రసం కోసం చీమలు వాటిని పశువుల్లా కాస్తాయి, మిత్ర పురుగుల్ని తరిమేస్తాయి. చీమల దారి తెంచాక నీటి ధార గట్టిగా కొట్టండి. తరువాత లీటరు నీటికి ఒక చెంచా సబ్బు కలిపి పురుగుకు తగిలేలా చల్లండి. ముందు రెండు ఆకుల మీద పరీక్షించి, మాడకపోతేనే మొక్కంతా చల్లాలి.

ఇక వేప. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చనిదంతా తినేసినా వేపచెట్లను ముట్టకపోవడం ఒక జర్మన్ శాస్త్రవేత్త చూశారు. అప్పటి నుండి పరిశోధనలు ఊపందుకున్నాయి. గింజలో ఉన్న అజాడిరక్టిన్ పురుగును వెంటనే చంపదు. తిండి మీద విముఖత కలిగిస్తుంది, కుబుసం విడవనివ్వదు. అందుకని చల్లిన మర్నాడే ఫలితం వెతకవద్దు. వేప మీద ఒక అమెరికన్ కంపెనీకి యూరప్‌లో ఇచ్చిన పేటెంటును 2000లో రద్దు చేశారు, 2005లో అప్పీలు కూడా కొట్టేశారు. ఇది మన తాతల విద్య అని ప్రపంచం ఒప్పుకున్నట్టయింది.

తయారీ ఇలా: ఎండిన వేపగింజల పప్పు 50 గ్రాములు పొడి చేసి, గుడ్డలో మూట కట్టి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున్న మూటను బాగా పిండి, వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కలపాలి. ఎండకు దీని శక్తి పోతుంది కనుక సాయంత్రమే చల్లాలి, ఏ రోజుది ఆ రోజే వాడాలి. వేసవి చివర రాలే పళ్ళు ఏరి, కడిగి, నీడన ఆరబెట్టుకుంటే ఏడాదంతా సరిపోతాయి.

ఒక హెచ్చరిక. ఆకు కషాయాలన్నీ నిరపాయమనుకోవద్దు. పొగాకు కషాయంలోని నికొటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగే గట్టి విషం, దాని జోలికి పోవద్దు. చుట్ట కాల్చేవారు చేతులు సబ్బుతో కడుక్కునే టమాటా, మిరప మొక్కల్ని ముట్టాలి. పొగాకు నుండి వైరస్ తెగులు వాటికి అంటుతుంది. మిర్చి, వెల్లుల్లి రసం చల్లేటప్పుడు కళ్ళు జాగ్రత్త. పేడ, మూత్రం కలిపిన కషాయాలు ఆకుకూరల మీద చల్లకండి.

ఇవన్నీ పెరటి వరకే గాని పొలానికి పనికిరావని కొందరంటారు. ఖమ్మం జిల్లాలో ఉండిన పునుకుల గ్రామ రైతులు 2000 దశకం తొలి సంవత్సరాల్లో పత్తిలో సైతం పురుగుమందులు మానేశారు. 2004-05 నుండి మహిళా సంఘాల ద్వారా ఆ పద్ధతి ఉమ్మడి రాష్ట్రంలో అనేక జిల్లాలకు పాకింది. 2016 ప్రాంతంలో మొదలైన మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతిలో భాగం దక్కింది. మన మన్యం జిల్లాలోనే కురుపాం మండలం కొండబారిడి గిరిజన రైతులు ఈ సాగుకు పేరు తెచ్చుకున్నారు. సందేహాలుంటే రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రం వారిని అడగవచ్చు.

అన్ని కాయలూ నున్నగా రావాలంటే మాత్రం ఈ మార్గంలో కుదరదు. పదింట ఒకటి పుచ్చుతుంది. ఆ ఒక్కటీ పురుగుకు వదిలేస్తే మిగతా తొమ్మిదీ భయం లేకుండా పిల్లల నోట్లో పెట్టవచ్చు. ఇందుకు కావలసిందల్లా రోజూ పావుగంట ఓపిగ్గా ఆకు తిప్పి చూసే మనిషి. ఉద్యోగంలో ఉన్నప్పుడు మనకు లేనిది ఆ పావుగంటే. ఇప్పుడది పుష్కలంగా ఉంది.

నా మనవి రెండే. ఇంటికి వెళ్ళగానే గూట్లో సీసాలు చూసి, పేరు లేని మందు ఉంటే పిల్లలకు అందకుండా తాళం వేయండి. నూతిలోనూ కాలువలోనూ పారబోయకండి, ఎలా వదిలించుకోవాలో వ్యవసాయాధికారిని అడగండి. రెండోది, ఈసారి వేపపళ్ళు రాలే రోజుల్లో తలా ఒక కిలో గింజలు ఏరి సంఘం ఆఫీసుకు తెండి. కావలసినవారందరం పంచుకుందాం.