రద్దు ముద్ర ఎవరి చేతిలో ఉండాలి?

(ఇంటి దగ్గర పనిచేసే స్త్రీల హక్కులపై సంగారెడ్డిలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను వేదిక మీదికి పిలుస్తూ 'ఒకప్పుడు గ్రీటింగ్ కార్డులు తయారుచేసిన కళాకారిణి' అని పరిచయం చేశారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ రోజుల్లో నన్నెవరూ కళాకారిణి అనలేదు. కార్మికురాలు అని అసలే అనలేదు. పని తెచ్చి ఇచ్చే ఏజెంటు 'ఖాళీగా కూర్చునే ఆడవాళ్ళకు నాలుగు పైసలు దొరుకుతాయని ఇస్తున్నా' అనేవాడు. మా ఆయన 'ఏవో కాగితాలు అతుకుతుంటది' అనేవాడు. 2001లో జనాభా లెక్కలకు వచ్చిన పంతులమ్మ నన్ను ఇంటిపని చేసుకునే మనిషిగా రాసుకుని వెళ్ళిపోయింది. ఆమె వచ్చినప్పుడు కూడా నా వేళ్ళకు ఇంకు ఉంది.

నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది ఒక్కటే. 'మీకు యజమాని ఎవరు? ఎవరూ లేరు కదా, మీ ఇంట్లో మీరు పని చేసుకుంటున్నారు' అని మనల్ని అడుగుతారు. దానికి జవాబు వెతకడం కష్టం కాదు. మనం చేసిన పనిని 'ఇది పనికిరాదు' అని తిరగ్గొట్టే అధికారం ఎవరికి ఉందో వాళ్ళే మన యజమాని. ఈ మాట నేను చట్టం చదివి నేర్చుకోలేదు. ఇరవై ఆరు కార్డులు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

మా అత్తగారి ఊరు నక్కవాగు పక్కన. పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఆ తర్వాత బొల్లారం, పాశమైలారం వచ్చాక ఫ్యాక్టరీల మురికినీళ్ళు వాగులోకి, చెరువుల్లోకి చేరిన సంగతి మీకందరికీ తెలుసు. 1990లోనే ఆ వ్యవహారం సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. నేను కాపురానికి వచ్చేసరికే వాగు కింద నాట్లకు, కలుపుకు పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. మగవాళ్ళు కంపెనీ గేట్ల దగ్గర కాంట్రాక్టు కూలీలయ్యారు. ఆడవాళ్ళకు గేటు లోపల దొరికింది ఊడ్చే పని, ప్యాకింగు పని. అదీ అందరికీ దొరకలేదు. చంటిపిల్లల తల్లులకు, మంచంలో ఉన్న అత్తమామలను చూసుకోవాల్సిన కోడళ్ళకు పని ఇంటికే వచ్చింది, సంచుల్లో. నాకు వచ్చిన సంచిలో గ్రీటింగ్ కార్డుల సరుకు ఉంది.

ఆ పని చూడనివాళ్ళ కోసం చెబుతాను. మందపాటి తెల్ల అట్టను కొలతకు కోయాలి. మధ్యలో స్కేలు పెట్టి, అయిపోయిన బాల్‌పెన్నుతో గాడి గీసి మడవాలి. గాడి గీయకుండా మడిస్తే మడత దగ్గర అట్ట పగులుతుంది. పూలు, గళ్ళు, చారలు అచ్చువేసిన డిజైన్ కాగితాన్ని అట్టకంటే నాలుగు వైపులా కొంచెం చిన్నదిగా కోసి, అంచు సమంగా కనిపించేలా అతకాలి. ఆ తర్వాత చెక్కకు అతికించిన రబ్బరు స్టాంపును ఇంకు ప్యాడ్ మీద తట్టి, వేరే కాగితం మీద బొమ్మ ముద్రించాలి. స్టాంపును నిలువుగా దించి నిలువుగా తీయాలి. చెయ్యి కొంచెం దొర్లిందా, బొమ్మ రెండుగా పడుతుంది. ఇంకు తడి ఆరకముందే దాని మీద సన్నని పొడి చల్లి, ఎక్కువైంది దులిపి, వేడి చూపిస్తే పొడి కరిగి బొమ్మ ఉబ్బెత్తుగా మెరుస్తుంది. దాన్ని కత్తిరించి కార్డు మీద అతకాలి. వానాకాలంలో ఇంకు ఆరదు, జిగురు తేమకు కార్డు వంకర తిరుగుతుంది. పిల్లవాడు పాకుతూ వచ్చి చెయ్యి పెడితే ఆ కార్డు అంతే.

కార్డుకు రూపాయిన్నర ఇచ్చేవాడు. ఫెవికాల్ మాది, కరెంటు మాది, కూర్చునే చోటు మాది. కార్డులు ఎంచి, బాగున్నవి ఒక కట్ట, బాగాలేనివి ఒక కట్ట చేసేవాడు. బాగాలేనివాటికి పైసలు లేవు. 'సరుకు నాది' అని ఆ కట్టను కూడా సంచిలో వేసుకుని పోయేవాడు.

2004 వానాకాలంలో నాకు ఐదు రెక్కల పువ్వు స్టాంపు ఇచ్చాడు. కడిగి కడిగి ఒక రెక్క అంచు దగ్గర రబ్బరు చిన్నగా తెగింది. నేను చూసుకోలేదు. ఆ స్టాంపుతో ఇరవై ఆరు కార్డులు చేశాను. ఏజెంటు కార్డును వెలుతురుకు పట్టుకుని చూసి 'రెక్క తెగింది చూడమ్మా, ఇవన్నీ రిజెక్టు' అన్నాడు. ఇరవై ఆరూ తీసుకున్నాడు, తెగిన స్టాంపు తీసుకున్నాడు, కొత్తది ఇచ్చాడు. నాకు పోయింది ముప్పై తొమ్మిది రూపాయలు, నాలుగు గంటల పైన పని. తప్పు నాదే అనుకుని ఊరుకున్నాను.

రెండు నెలల తర్వాత మా చెల్లెలితో కలిసి హైదరాబాదులో ఒక దుకాణానికి వెళ్ళాను. అక్కడ అద్దాల వెనక వరసగా కార్డులు పెట్టి ఉన్నాయి. ఒకదాని మీద ఐదు రెక్కల పువ్వు, ఒక రెక్క అంచు తెగి ఉంది. ఆ తెగిన ముద్రతో బయటికి పోయినవి ఆ ఇరవై ఆరే. ఒక్కటి కూడా 'బాగున్నవాటి' కట్టలో లేదు. వెల ముప్పై అయిదు రూపాయలు. నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. దుకాణం అబ్బాయి 'తీసుకుంటారా అక్కా, చేత్తో చేసింది' అన్నాడు. తీసుకున్నాను. నా ఒకరోజు సంపాదనలో సగం ఇచ్చి నేను చేసిన కార్డు నేనే కొన్నాను.

ఆ ఇరవై ఆరు కార్డులూ అదే ధరకు అమ్ముడుపోతే వచ్చేది 910 రూపాయలు. వాటికి నాకు ఒక్క పైసా రాలేదు. రేటు తక్కువని మాకు ముందే తెలుసు. ఈ మోసం అప్పటిదాకా తెలియదు. తిరగ్గొట్టడం అనేది నాణ్యత చూసే పద్ధతి అనుకున్నాం. అది జీతం కోసే పద్ధతి కూడా అని ఆ రోజు తెలిసింది.

ఆ కార్డు పట్టుకుని వాడకట్టులో ఇల్లిల్లూ తిరిగాను. మొదట ఎవరూ మాట్లాడలేదు. 'ఉన్న పని కూడా పోతది వదినా' అన్నారు. ఒక ముసలావిడ మాత్రం ఒక మాట అడిగింది: 'ఒక్క కార్డుకు ఎంత సేపు పడతదో మనకన్నా తెలుసా?' నిజంగానే మాకు తెలియదు. మధ్యలో అన్నం వండుతాం, నీళ్ళు పడతాం, పిల్లవాణ్ణి పడుకోబెడతాం. గడియారం పెట్టి చూశాం. చేయి తిరిగినవాళ్ళకు కూడా పది నిమిషాలకు తక్కువ పట్టలేదు. అంటే గంటకు ఆరు. ఎనిమిది గంటలు తల ఎత్తకుండా కూర్చుంటే నలభై ఎనిమిది కార్డులు, డెబ్బై రెండు రూపాయలు. అలా ఎనిమిది గంటలు కూర్చోగలిగే ఆడమనిషి మా వాడకట్టులో ఒక్కతీ లేదు.

తర్వాతి వారం ఏజెంటు ముందు కార్డు పెట్టాం. ముందు 'పొరపాటున కలిసింది' అన్నాడు. తర్వాత కోపం చేశాడు. మాట్లాడిన ఐదు ఇళ్ళకు పని ఆపేశాడు. మూడు వారాలు మాకు సంచి రాలేదు. ఆ మూడు వారాలు ఎట్లా గడిచాయో చెప్పి మిమ్మల్ని బాధపెట్టను. మిగతా ఇళ్ళవాళ్ళు మా వంతు పని తీసుకోలేదు. అదే మమ్మల్ని నిలబెట్టింది. కొత్త సంవత్సరం ఆర్డర్లు మీద పడ్డాక అతనే వచ్చాడు.

మేము మూడు మాటలు అడిగాం. ఒకటి, ఇచ్చిన సరుకు, తీసుకున్న కార్డులు, ఇచ్చిన పైసలు నోటుబుక్కులో రాసి సంతకం పెట్టాలి. రెండు, స్టాంపు చెడిపోయినా, కాగితం నాసిరకమైనా ఆ నష్టం మాది కాదు. మూడు, తిరగ్గొట్టిన కార్డును మా ముందే రద్దు చేయాలి. ఇందుకోసం సంగారెడ్డిలో కలెక్టరాఫీసు దగ్గర స్టాంపులు చేసే అతనితో 'రద్దు' అని ఒక రబ్బరు స్టాంపు చేయించాం. కార్డు నచ్చకపోతే దాని నడిమధ్య ఆ ముద్ర వేసి ఇస్తాం, అప్పుడు తీసుకుపొమ్మన్నాం. ఒప్పుకున్నాడు. రేటు కూడా అర్ధ రూపాయి పెంచాడు. ఒక్క విషయం గమనించండి. రద్దు స్టాంపు వచ్చిన మొదటి నెలలోనే తిరగ్గొట్టే కార్డులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతకు తగ్గిపోయాయి. మా చేతులు ఒక్క నెలలో మారలేదు కదా!

ఇది విజయగాథ అని చప్పట్లు కొట్టకండి. ఆ మరుసటి ఏడాది అతను పనిని వేరే కాలనీకి మార్చేశాడు. అక్కడి ఆడవాళ్ళతో మాకు పరిచయం లేదు. మళ్ళీ రూపాయిన్నరే. కొన్నేళ్ళకు సెల్‌ఫోన్లలో శుభాకాంక్షలు వచ్చి కార్డుల గిరాకీయే పడిపోయింది. ఒక వాడకట్టు సాధించుకున్నది పక్క వాడకట్టులో లేకపోతే నిలవదు. అందుకే చట్టం కావాలి.

చట్టంలో మనకు చోటు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. మన రాష్ట్రం నుంచే సుప్రీం కోర్టుకు వెళ్ళిన ఒక దర్జీల కేసులో 1973లో తీర్పు వచ్చింది. బట్టకు ఇంతని తీసుకునే దర్జీలు దుకాణంలో ఉద్యోగులేనని కోర్టు చెప్పింది. కుట్టు బాగాలేదని తిరగ్గొట్టి మళ్ళీ కుట్టమనే హక్కు యజమానికి ఉండటం అందుకు ఒక కారణం. 1985లో బీడీల కేసు తేలింది. ఇళ్ళలో బీడీలు చుట్టేవాళ్ళకు ప్రావిడెంట్ ఫండు వర్తిస్తుందని సుప్రీం కోర్టు తీర్పు. నాసిరకం బీడీలను తిరగ్గొట్టే హక్కు ఉంటే పని మీద అజమాయిషీ ఉన్నట్టేనని చెప్పింది. తెలంగాణలో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళకు ఈ తీర్పు విలువ తెలుసు. బీడీకి వర్తించిన న్యాయం కార్డుకు, అగరుబత్తికి, కుట్టుపనికి ఎందుకు వర్తించకూడదు?

1948 నాటి కనీస వేతనాల చట్టం, సరుకు బయటికి ఇచ్చి అలంకరించడానికో, పూర్తిచేయడానికో పని చేయించుకుంటే ఆ పనిచేసినవాళ్ళను కూడా ఉద్యోగులుగానే లెక్కించింది. షెడ్యూలులో ఉన్న పనులకే అది వర్తించేది, అయినా ఆ మాట ఉంది. ఇప్పుడు ఆ చట్టం లేదు. దాని స్థానంలో 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఉద్యోగి నిర్వచనంలో బయటి పనివాళ్ళ మాట లేదు. 2020 సామాజిక భద్రత కోడ్‌లో 'ఇంటి ఆధారిత కార్మికులు' అన్న నిర్వచనం ఉంది, కానీ అది పథకాల కోసం, కూలి రేటు కోసం కాదు. ఇంటిపని కార్మికుల మీద 1996లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడిక చేసింది. మిగతా కార్మికులతో సమానంగా చూడాలని దాని సారం. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

అయితే వేతనాల కోడ్‌లోనే ఒక దారి ఉంది. ప్రభుత్వం ఎవరినైనా ఉద్యోగిగా ప్రకటించవచ్చు. ముక్కకు ఇంతని చేసే పనికి వేరే రేటు నిర్ణయించకపోతే, రోజు లెక్కన వచ్చే కనీస వేతనానికి తక్కువ ఇవ్వకూడదని కూడా అందులో ఉంది. ఈ రెండూ కలిపి మనం రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగాలి: ఇంటి దగ్గర ముక్క లెక్కన పనిచేసేవాళ్ళను ఉద్యోగులుగా ప్రకటించండి, గడియారం పెట్టి కొలిచి రేటు నిర్ణయించండి. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం వెట్టిచాకిరీయే అని సుప్రీం కోర్టు చెప్పింది. ఆ మాట మన ఇళ్ళ గడపల దగ్గర ఆగిపోకూడదు.

ఇక్కడ స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీతో ఒక మాట, కోపం తెచ్చుకోకండి. ఆదాయం పెంచే కార్యక్రమం అని మనమూ ఆడవాళ్ళకు కార్డులు, సంచులు చేయడం నేర్పిస్తాం. 'పేద మహిళలు చేత్తో చేసినవి' అని ప్రదర్శనల్లో అమ్ముతాం. మంచిదే. కానీ ఒక్కో వస్తువుకు ఎంత సేపు పడుతుందో కొలిచామా? నోటుబుక్కు ఇచ్చామా? తిరగ్గొట్టిన వస్తువు ఏమవుతోందో ఆ మనిషికి చెప్పామా? తిరగ్గొట్టే అధికారం మన చేతిలో ఉంటే మనమూ యజమానులమే. మన మనసు మంచిదైనంత మాత్రాన ఆ బాధ్యత పోదు.

1972లో అహ్మదాబాదులో ఇలా భట్ సేవా యూనియన్‌ను నమోదు చేయించబోతే, 'ఎదురుగా యజమాని లేడు, ఎవరి మీద పోరాడతారు?' అని అధికారులు అడిగారు. కార్మికులు కలిసి ఉండటానికే యూనియన్ అని ఆమె వాదించి నిలబడింది. మా వాడకట్టులో జరిగింది కూడా అంతే. ముందు మేము కలిశాం, ఆ తర్వాత యజమాని కనిపించాడు.

ఇప్పుడు మా కాలనీల్లో కార్డులు లేవు. అట్టపెట్టెలు అతకడం, బట్టలకు దారాలు కత్తిరించడం ఉన్నాయి. సంచులు అట్లాగే వస్తున్నాయి, కట్టలు రెండుగా విడిపోతూనే ఉన్నాయి. మీరు ఇక్కడి నుంచి వెళ్ళాక మీ మీ బస్తీల్లో సంచీ వచ్చే ఒక్క ఇంటికి వెళ్ళండి. కూలి ఎంత అని మొదట అడగకండి, అది అందరూ అడుగుతారు. తిరగ్గొట్టిన సరుకు ఎక్కడికి పోతోందని అడగండి. ఆమెకు తెలియకపోతే ఇద్దరూ కలిసి కనుక్కోండి.

ఆ 'రద్దు' స్టాంపు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రబ్బరు గట్టిపడింది కానీ ముద్ర పడుతుంది. ఎవరికైనా కావాలంటే ఇస్తాను.