వెన్నునొప్పికి పేరు వెదకిన నాలుగేండ్లు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగము)



ఈ వేదికమీద నేను ఇదివరకు పలుమారులు మాటలాడితిని. ఒకసారి పద్యపఠనమును గూర్చి, మరియొకసారి తెలుగు తరగతులలో పిల్లలు తగ్గిపోవుటను గూర్చి మాటలాడినట్లు జ్ఞాపకము. ఈ యేడు కార్యదర్శిగారు మీ యిష్టము వచ్చిన విషయము చెప్పుడనిరి. నా యిష్టమునకే విడిచినచో నేను నా వెన్నును గూర్చియే చెప్పుదును. ఇది సభకు తగని విషయమని కొందరికి తోచవచ్చును. కాని ఇక్కడ కూర్చున్న తల్లులలోను, ఇండ్లవద్దనున్న అవ్వలలోను ఎందరు ఉదయమున గోడకు చేయి ఆనించి మంచము దిగుచున్నారో నాకు తెలియును. వారిలో ముగ్గురు నన్ను చాటుగా అడిగిరి గూడ. చాటుగా చెప్పినదానిని బహిరంగముగా చెప్పుటలో తప్పులేదు.

2016లో నేను ఉద్యోగ విరమణ చేసితిని. మరుసటి యేడు జూన్‌లో, ఇంట పుస్తకముల పెట్టె నొకదానిని ఒక మూలనుండి మరియొక మూలకు జరుపుచుండగా వీపులో కలుక్కుమన్నది. పట్టు పట్టినదనుకొని తైలము రాచుకొని పడుకొంటిని. నాలుగు దినములలో పోవలసినది నాలుగు వారములైనను పోలేదు. పొయ్యికడ పావుగంట నిలుచున్నచో వీపు నడుమ నిప్పుకణిక పెట్టినట్లుండెను. వెల్లకిల పడుకొన్నచో చల్లారెను. దగ్గినను, పకపక నవ్వినను పోటు. నవ్వుట మానుకొనుట కష్టముకాలేదు. నవ్వు రాలేదు గనుక.

మొదట చూపించుకొన్న వైద్యుడు వాయువనెను. రెండవ ఆయన నా ముఖము చూచి, వయస్సెంతయని అడిగి, యాబదితొమ్మిది అనగానే ఇక ఏమియు అడుగలేదు. మూడవ ఆయన ఎక్స్‌రే తీయించెను. దానిలో నడుము పూసలు కొంచెము అరిగినవని వ్రాసిరి. ఈ వయస్సున అరుగని పూసలు ఎవరికుండును? నడుముకు పట్టీ ఇచ్చిరి, మాత్రలు ఇచ్చిరి, కాలివ్రేళ్ళు ముట్టుకొనునట్లు ముందునకు వంగు వ్యాయామమును నేర్పిరి. నేను ఉపాధ్యాయినిని గదా, చెప్పిన పాఠము తప్పక చేసితిని. ప్రతిదినము ఇరువదిమారులు వంగితిని. నొప్పి పెరిగెను.

ఇంటిలో నన్ను ఎవరును నిర్లక్ష్యము చేయలేదు. మా అబ్బాయి సెలవు పెట్టి తీసికొనిపోయెడివాడు. అయినను ప్రతిసారి తిరిగివచ్చునపుడు బస్సులో, “రిపోర్టులో ఏమీ లేదన్నారు గదమ్మా” అనెడివాడు. అది ఓదార్పుమాట. కాని ఏమియు లేదన్న మాట విన్నకొలది, నేను లేనిదానిని కల్పించుచున్నానేమోయని నాకే అనుమానము కలిగెను. ముప్పదియేండ్లు పిల్లలు చెప్పిన కడుపునొప్పి సాకులు విన్నదానను. వారిలో కొందరికి నిజముగానే నొప్పి యుండెనేమో.

అప్పుడు నేను చేసిన మంచిపని యొకటే. ఒక పాత హాజరుపట్టీని తీసి నొప్పికి హాజరు వేయసాగితిని. ఏ వేళ వచ్చినది, ఎచ్చట వచ్చినది, అప్పుడేమి చేయుచుంటిని, ఏమి చేసిన తగ్గినది. ఒక్కొక్క దినమునకు ఒక్క పంక్తి. నొప్పి అను ఒక్క మాటతో తృప్తిపడక, సలుపా, పోటా, తీపా, మంటా, తిమ్మిరా యని విడదీసి వ్రాసితిని. మన భాషలో ఇన్ని మాటలుండగా వైద్యునియెదుట మనము ఒక్కదానితో సరిపెట్టుచున్నాము. ఆ పట్టీలో రెండు సంవత్సరములు నిండెను. 2020లో మహమ్మారి వచ్చి, బెంగుళూరు దారి మూసివేసినప్పుడును నేను పంక్తి తప్పలేదు.

ఆ యేడే మా కోడలు ఒకనాడు, “అత్తయ్యా, మీ కుచ్చెళ్ళు నేలమీద ఈడ్చుకొనుచున్నవి, చీర జారినదేమో” అన్నది. చీర జారలేదు. నేనే కురుచనైతిని. నా సేవాపుస్తకము మొదటి పుటలో, ఉద్యోగమున చేరిననాడు కొలిచి వ్రాసిన ఎత్తు ఉండెను: 5 అడుగుల 2 అంగుళములు. గోడకు నిలబెట్టి మనుమడు కొలువగా 4 అడుగుల 11½ అంగుళములు వచ్చెను. యౌవనములోని ఎత్తుకంటె అంగుళమున్నరకు మించి తగ్గినచో వెన్నుపూసలను పరీక్షింపవలెనని తరువాత తెలిసికొంటిని. మన ప్రభుత్వ పత్రములలో మనకు పనికివచ్చు సంగతి యొకటి దొరకుట అరుదు. దొరికినది గనుక చెప్పుచున్నాను.

2021 ఆరంభమున బెంగుళూరిలో ఒక యువవైద్యురాలిని చూచితిమి. ఆమె కన్నడము మాటలాడునది. నేను హోసూరులో నాలుగేండ్లుగా చెప్పినట్లే తమిళములో “ఇడుప్పు వలి” అంటిని. ఆమె నా వెనుకకు వచ్చి, “బెన్నా? సొంటానా?” అని అడిగినది. బెన్ను అనగా మన వెన్నే. సొంట మన నడుము. ఆ క్షణమున నాకు తెలిసినది, నేను ఇన్నాళ్ళు ఏమి పొరపాటు చేసితినో.

మన యిండ్లలో మెడ దిగువనుండి తుంటివరకు ఎచ్చట నొచ్చినను నడుమునొప్పి యనుట వాడుక. నేను ఆ ఇంటిమాటను ఇడుప్పు అని తమిళము చేసి చెప్పితిని. ఇడుప్పు అన్న మాట విన్నవారు నడుముకే ఎక్స్‌రే తీయించిరి. వీపునకు ముదుగు అన్న మాట నాకు తెలియనిది కాదు. నాకు తమిళము రాకపోవుటచే ఈ చిక్కు కలుగలేదు; చక్కగా వచ్చుటచేతనే కలిగినది. రానిదాననైనచో చేతితో చూపియుందును.

ఆమె వేలితో ఒక్కొక్క పూసను తట్టుచు వచ్చి, రెండు రెక్కల నడుమ ఒకచోట ఆగినది. నేను కేకవేసితిని. హాజరుపట్టీ ఇచ్చితిని. పది నిమిషములు చదివినది. పడుకొన్న తగ్గుచు నిలుచున్న పెరుగు నొప్పి, దగ్గునకు పోటు, ఎత్తు తగ్గుట: ఇవి యన్నియు ఒకవైపే చూపుచున్నవని చెప్పి, పిమ్మట చాల ప్రశ్నలు అడిగినది. ఋతుక్రమము ఏ వయస్సున ఆగినది? మీ అమ్మగారికి తుంటి విరిగినదా? సాయంకాలము జ్వరము వచ్చునా, బరువు తగ్గితిరా? వెన్నుకు క్షయ వచ్చుట మన దేశమున అరుదు కాదు గనుక ఆ ప్రశ్న. చిన్ననాడు ఏ యూరి నీరు త్రాగితిరి? నేను పండ్రెండేండ్లవరకు అమ్మమ్మగారి యింట, అప్పటి నెల్లూరు జిల్లాలో పెరిగితిని. ఫ్లోరైడు నీటివలన వెన్ను బిగిసిపోవుటను గూర్చి మన దేశమున తొలుత వచ్చిన వైద్యవ్రాతలు, 1937లో, ఆ జిల్లాను గూర్చినవే. మన కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతపు బావులలోను ఆ దోషము కలదు. హొగెనకల్ నీటిపథకమునకు అదియే ముఖ్యకారణము. ఫ్లోరైడు పట్టిన ఎముక చిత్రములో దట్టముగా కనబడును, కాని ఆ దట్టమును బలమని నమ్మరాదు.

కడపటి ప్రశ్న: ఇతర మందులేమైన వాడుచున్నారా? లేదంటిని. మా కోడలు నా మోచేతిని పొడిచినది. ఉబ్బసమునకు, చలికాలమంతయు, ఏడేండ్లుగా ఒకాయన కాగితపు పొట్లములలో కట్టి ఇచ్చు చిన్న తెల్లమాత్రలు నేను మందుల లెక్కలో వేసికొనలేదు. వేసికొన్న గంటలో ఊపిరి ఆడెడిది, ఒళ్ళునొప్పులు గూడ మాయమయ్యెడివి. అవి స్టెరాయిడ్ మాత్రలని తేలినది. ఆ జాతి మందులు ప్రాణము నిలుపునవి. వానిని కనుగొన్న శాస్త్రజ్ఞులకు 1950లో నోబెల్ బహుమానము ఇచ్చిరి. కాని నెలల తరబడి వాడినచో ఎముకను లోలోపల తినివేయును. ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది: ఇది విని ఇంటికి పోయి అట్టి మాత్రలను నేటినుండి మానివేయకుడు. చిరకాలము వాడినవారు హఠాత్తుగా మానుట ప్రాణాపాయము. వైద్యుని పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గింపవలెను. నాకు అట్లే తగ్గించి, పీల్చుమందు నిచ్చిరి.

ఈసారి వీపుకు ఎక్స్‌రే తీసిరి, ఎమ్.ఆర్.ఐ. తీసిరి. వీపుపూసలలో ఎనిమిదవది ముందువైపు అణగి ఆప్పువలె నుండెను. అది పాతది, బహుశః పుస్తకముల పెట్టెనాటిది. పండ్రెండవది క్రొత్తగా అణగినది. ముందునకు వంగు వ్యాయామమువలననే యని చెప్పజాలను. కాని గుల్లబారిన వెన్నుకు అది తగని వ్యాయామమని ఆమె స్పష్టముగా చెప్పినది. క్రింద పడకయే పూస విరుగుట ఎట్లని మా అబ్బాయి ఆశ్చర్యపడెను. ఇట్లు పూసలు అణగినవారిలో మూడింట రెండువంతులమందికి ఆ సంగతియే తెలియక జరిగిపోవునట.

రక్తపరీక్షలు పెక్కు చేసిరి: కాల్షియము, ఫాస్ఫరస్, విటమిన్ డి, థైరాయిడ్, మూత్రపిండములు, మజ్జలో క్యాన్సరు లేదని తెలిసికొనుటకు మరియొకటి. ఫాస్ఫరస్ పేరు చూచి నాకు ఆ దిగులులోను ఒక సంతోషము కలిగినది. రక్తములో దానిని కొలుచు ప్రసిద్ధమైన పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి కనుగొన్నది భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తొమ్మిదవ తరగతి పిల్లలకు ఆయనను గూర్చి వ్యాసము వ్రాయించినదానను, ఆయన పని నా నెత్తురులోనికి వచ్చునని తలపలేదు.

తుదకు డెక్సా యను పరీక్ష. బట్టలతోనే బల్లమీద పడుకొనవలెను, నొప్పి లేదు, కొద్ది నిమిషముల పని. ఆరోగ్యవంతులైన యౌవనవయస్కుల ఎముకతో మన ఎముకను పోల్చి ఒక అంకె ఇత్తురు. 1994లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఏర్పరచిన లెక్క ప్రకారము ఆ అంకె మైనస్ రెండున్నర గాని అంతకు దిగువ గాని యైనచో ఎముకలు గుల్లబారినట్లు. దానినే ఆస్టియోపోరోసిస్ అందురు. నా నడుముకు మైనస్ 3.4, తుంటికి మైనస్ 2.8 వచ్చినవి. పరీక్షలో ఇంత తక్కువ మార్కులు నాకు ఎన్నడును రాలేదు.

మీరు నమ్ముదురో లేదో, ఆ కాగితము చేతికి వచ్చిననాడు నేను ఏడ్వలేదు. మా అబ్బాయి ఏడ్చినాడు. “ఏమీ లేదని ఎన్నిసార్లు అన్నానమ్మా” అన్నాడు. నేను బస్సులో కిటికీప్రక్క కూర్చుండి, నా నొప్పికి ఒక పేరున్నదను తృప్తితో ఇల్లు చేరితిని.

పేరు తెలిసినంతమాత్రమున నొప్పి పోదు. ఎముక గుల్లబారుట దానంతట నొప్పింపదు. విరిగిన పూసయు, దానివలన వంగిన వీపుయు నొప్పించును. వారమునకొక మాత్ర నాకిచ్చిరి. సోమవారము ఉదయము పరగడుపున, నిండు గ్లాసు మంచినీటితో మ్రింగి, అరగంటసేపు పడుకొనక నిటారుగా కూర్చుండవలెను. లేకున్నచో అన్నవాహిక పుండుపడును. కాఫీ ఆ తరువాతనే. ఆ అరగంట నాకు వారములోకెల్ల దీర్ఘమైన కాలము. ఆ మాత్ర నొప్పికి కాదు, ముందు విరుగబోవు ఎముకకు. నొప్పికి వేరే ఏర్పాట్లు చేసికొంటిని. పనిని పావుగంటల ముక్కలు చేసితిని. కూర్చున్నప్పుడు వీపువెనుక తువ్వాలు చుట్ట. క్రింద పడిన వస్తువును మోకాళ్ళు వంచి తీయుదును, లేదా అక్కడనే ఉండనిత్తును. ముగ్గు మాత్రము విడువవలసివచ్చినది. ఇప్పుడు మనుమరాలు వేయును, నేను కుర్చీలో కూర్చుండి చుక్కల లెక్క చెప్పుదును. దాని గీత నా గీతవలె ఉండదు. అది నాకు ఇంకను అలవాటు కాలేదు.

వెన్నునొప్పి యున్న ప్రతివారికి ఇదే వ్యాధి యని అనుకొనకుడు. చాలమందికి కండరముల నొప్పియే, కొన్ని వారములలో అదే పోవును. కాని కాళ్ళు బలహీనమైనను, మూత్రము పట్టు తప్పినను, కూర్చుండు భాగమున స్పర్శ పోయినను నాలాగున పట్టీ వ్రాయుచు కూర్చుండరాదు. ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

పిల్లల సంగతి యొకటి. ఎముకలో సరుకు చేరుట దాదాపు ముప్పదియేండ్లలోపలనే, తరువాత ఖర్చే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. పెద్దవారికి దినమునకు వలసినది 1000. మన ప్రాంతము రాగుల నేల. అయినను రాగిముద్ద పెట్టిన డబ్బాను బడిలో తెరచుటకు పిల్లలు సిగ్గుపడుట నేను కన్నులార చూచితిని. ఆ సిగ్గు వారికి మననుండియే వచ్చినది. ఆటల పీరియడును లెక్కల పీరియడుగా మార్పుడని ప్రధానోపాధ్యాయులను కోరువారు ఈ సభలో నలుగురున్నారు. వారి పేర్లు చెప్పను. ఎండలో ఆడు గంట ఎముకకు కావలసినది.

నా హాజరుపట్టీ ఇదిగో, తెచ్చితిని. చూడగోరువారు చూడవచ్చును, వరుసలు నకలు చేసికొనవచ్చును. కార్యదర్శిగారు నాకు ఇరువది నిమిషములు ఇచ్చిరి. నా వెన్ను పదునైదే ఇచ్చినది. ఇప్పటికి పదునేడైనవి. ఆ కుర్చీని కొంచెము ఇటు జరిపినచో, కూర్చుండి మీ ప్రశ్నలు వినెదను.