హెలికాప్టర్ నడపాలా, బాగుచేయాలా?

తుమకూరులో 2023లో హెచ్‌ఏఎల్ హెలికాప్టర్ ఫ్యాక్టరీ మొదలైనప్పటి నుంచి మన పిల్లల చూపు ఆకాశం మీద పడింది. సంతోషమే! పైలట్ కావాలన్నా, మెకానిక్ కావాలన్నా ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. పైలట్ లైసెన్సుకు 150 గంటలు ఎగరాలి. ప్రతి గంట ఖర్చూ మనదే. అందుకే ఇల్లు తాకట్టు పెట్టకముందే, ఫీజు కట్టకముందే మెడికల్ చేయించండి. కంటిచూపులో, రంగుల గుర్తింపులో తేడా ఉంటే అక్కడే తేలిపోతుంది.

మెకానిక్ చదువుకు ఖర్చు బాగా తక్కువ. డీజీసీఏ అనుమతి ఉన్న సంస్థేనా అని చూసుకొని చేర్చండి. పరీక్షలు, పని అనుభవం పూర్తయితేనే లైసెన్సు, ఓపిక కావాలి. అది చిన్న పని అనకండి. జాబర్ లేనిదే సాంచా నడుస్తుందా? మరమ్మతు చేసిన హెలికాప్టరూ అంతే, లైసెన్సున్న ఇంజనీరు సంతకం పెడితేనే పైకి లేస్తుంది.