వేగమును, దారిప్రక్క పల్లెయును
(స్వచ్ఛంద సేవకుల సభలో చేసిన ఉపన్యాసపాఠము)



వేగమును నిందించుటకు మేమిచట నిలువలేదు. కోర్టు వాయిదాలకై తెల్లవార్లు పాసింజరు బండ్లలో కూర్చుండి నడుములు పోగొట్టుకొనిన న్యాయవాది వేగమును నిందించినచో నవ్వులపాలగును. జపానుదేశమున టోకియోనుండి ఒసాకాకు పోవు షింకన్‌సెను బండిలో మేము చేసిన ప్రయాణమునుగూర్చి మాటలాడుమని మీరు కోరితిరి. ఆ బండి యెంత వడిగా పరుగిడునో చెప్పి విరమించినను మీ కోరిక చెల్లును. కాని ఆ పరుగునకు దారిప్రక్కవారు చెల్లించిన మూల్యమునుగూడ చెప్పవలెనని మా సంకల్పము.

ఆ మార్గము 1964 అక్టోబరు 1వ తేదీన, టోకియో ఒలింపిక్ క్రీడలకు కొలది దినములు ముందుగా ప్రారంభమైనది. దూరము 515 కిలోమీటర్లు. తొలుత నాలుగు గంటలు పట్టిన ప్రయాణము నేడు రెండున్నర గంటలలోపుననే ముగియుచున్నది. ఆరంభమున గంటకు 210 కిలోమీటర్లుగా నుండిన గరిష్ఠవేగము 2015లో 285కు పెరిగినది. దారిలో రైలుగేటు అనునది యెచ్చటను లేదు. పట్టాలపైకి చొరబడువారిని శిక్షించుటకు, మార్గము తెరువకమునుపే ప్రత్యేకశాసన మొకటి చేసిరి. చట్టములు ప్రమాదముల వెనుక పరుగెత్తుటయే యెరిగిన మాకు ఇది మెచ్చదగినదిగా తోచినది. పట్టాలు తప్పుటవలనగాని, బండ్లు ఢీకొనుటవలనగాని అందు ప్రయాణికు డొక్కడైనను మరణింపలేదు. అయితే నిర్మాణవ్యయము అంచనాను మీరుటచే రైల్వే అధ్యక్షుడు సొగో షింజి 1963లోనే పదవి విడువవలసివచ్చెను. సొమ్ము లెక్క తప్పినందులకు ఒకరు జవాబు చెప్పిరి; మరియొక లెక్క న్యాయస్థానమున బయటపడుటకు పదేండ్లు పట్టెను.

పడమటికి పోవునపుడు ఫూజీ పర్వతము కుడివైపు కిటికీనుండి కాన్పించును. టిక్కెట్టు కొనునపుడే ఆ ప్రక్క సీటు అడిగి పుచ్చుకొంటిమి. పర్వతము నిమిషములకొలది మాతో వచ్చినది. షిజువోకా తేయాకుతోటలు దువ్వెనతో దువ్వినట్లు వరుసలు తీరి యుండెను. హమానా సరస్సు ఒక మెరుపు. తరువాత కోతకు వచ్చిన వరిమళ్లు. గట్టుమీద ఒక మనిషి నిలిచియుండెను. ఆడో మగో తెలియకమునుపే వెనుకబడిపోయెను. సెకనుకు సుమారు 79 మీటర్లు కదలు బండికి దూరపు కొండ దక్కునుగాని, దాపుననున్న మనిషి దక్కడు. మన తెనాలి బాపట్ల దారిలో బండి నిలిచినపుడు, సన్నవడ్లా ముతకవడ్లా యని గట్టుమీదివారిని కేకవేసి యడుగవచ్చును. వారును బదులు చెప్పుదురు. ఇచట కిటికీయే తెరచుకొనదు. లోపల గుసగుసలు వినబడునంత నిశ్శబ్దము. అంతటి బండి శబ్దమంతయు ఎక్కడికి పోవుచున్నది?

దీనికి జవాబు దారిలోని నగోయా నగరమున దొరకును. అచట పట్టాలు ఇండ్ల నడుమగా వంతెనలపై సాగును. ఉదయము ఆరుగంటలనుండి అర్ధరాత్రివరకు కొద్దినిమిషముల కొక బండి. 1974లో 575 మంది నివాసులు జాతీయరైల్వేపై దావా వేసిరి. తమ యిండ్లయొద్ద శబ్దకంపనములు హద్దు మీరకుండ నిషేధాజ్ఞ కావలెననియు, జరిగిన బాధకు పరిహారము కావలెననియు వారి ప్రార్థన. మరుసటియేడు ప్రభుత్వము, నివాసప్రాంతములలో షింకన్‌సెను ధ్వని 70 డెసిబెల్లులు మించరాదని ప్రమాణ మేర్పరచెను. 1980లో జిల్లా న్యాయస్థానము పరిహార మిప్పించి, నిషేధాజ్ఞను నిరాకరించెను. ఒకచోట వేగము తగ్గింపు మన్నచో మార్గమంతట తగ్గింపవలసివచ్చు ననియు, ప్రజోపయోగము చెడుననియు దాని తర్కము. 1985లో హైకోర్టును నిషేధాజ్ఞ నీయలేదు. 1986లో ఉభయులును రాజీపడిరి. పండ్రెండేండ్ల వ్యాజ్యము!

ఆ తర్కమును మేమంగీకరింపము. ప్రయోజనము జాతియంతటిదైనపుడు భారము ఏడు కిలోమీటర్ల ఇండ్లపై మోపుట యేమి న్యాయము? అయినను పరిహారపు తీర్పు విలువైనదే. చట్టసమ్మతమైన పనియైనంతమాత్రమున పొరుగువాని బాధ బాధ కాకపోదని అది యొప్పుకొన్నది.

ఇది పరదేశపు గొడవయని త్రోసివేయకుడు. అదే దేశపు ఋణముతో, అదే విద్యతో ముంబయి అహమ్మదాబాదుల నడుమ 508 కిలోమీటర్ల మార్గమునకు 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన జరిగినది. మన 2013 భూసేకరణచట్టము భూమి కోల్పోవువానికి హెచ్చించిన విలువను, దానిపై సోలేషియమును ఇచ్చును, మంచిదే. సెంటుభూమియు పోక, గోడప్రక్కనే వంతెన లేచినవాని గతియేమి? సామాజిక ప్రభావ నిర్ణయమను విచారణ యొక్కటే వానికి నోరు విప్పుటకు మిగిలిన వేదిక. గుజరాతు 2016లో చట్టమును సవరించి, కొన్ని పథకములకు ఆ విచారణనుండి మినహాయింపు నిచ్చుటకు వీలు కల్పించుకొన్నది. రైతులు హైకోర్టు కెక్కిరి. 2019 సెప్టెంబరులో ఓడిరి.

రేపు మన మైదానములలోను ఇట్టి మార్గమునకు సర్వేరాళ్లు పాతవచ్చును. ఎకరమున కెంతయని రైతే యడుగును, మనము నేర్పనక్కరలేదు. బడికి వంతెన యెంత దూరము? శబ్దము నెవరు కొలుతురు? మళ్లకు నీరు పారుటకు తూము లెన్ని విడుతురు? ఈ ప్రశ్నలు గ్రామసభ తీర్మానమున కాగితముపై కెక్కవలెను, అదియు గీత గీయకమునుపే. ఇట్టి అర్జీలు వ్రాయుట నేర్పుటకు ప్రతి ఆదివారము ఉదయము మా యింట రెండుగంటలు కేటాయించితిమి. చట్టప్రతి మాయొద్ద కలదు; వచ్చువారు కాగితమును, కలమును తెచ్చుకొనవలెను.