నిల్ రిపోర్టు రాకపోతే?
(ముదిగుబ్బలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద, గుమాస్తాగా రిటైరైన నేను ఫ్యాక్టరీలలో గ్యాసును పసిగట్టే సెన్సార్ల గురించి మాట్లాడటమేమిటని మీకు తోచవచ్చు. కారణం లేకపోలేదు. వానలు మొహం చాటేసి వేరుశనగ చేతికి రాని ఏడు మన పిల్లలు పొలం వదిలి ఫ్యాక్టరీ దారి పడుతున్నారు. మనం పెన్షన్ తీసుకుని నిశ్చింతగా ఉన్నా, మనవడు ఎక్కడ ఏ గాలి పీలుస్తున్నాడో మనకు తెలియాలి గదా!

2018 జూలై 12న తాడిపత్రిలోని గెర్డావ్ ఉక్కు కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడు లీకై ఆరుగురు చనిపోయారు. అప్పటికి తాడిపత్రి, ముదిగుబ్బ ఒకే అనంతపురం జిల్లా. మనం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది 2022లో. ఆ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోటును తాను ఆక్రమిస్తుంది. తలనొప్పి, మగత, ఆ తర్వాత స్పృహ తప్పడం. ముక్కు కనిపెట్టలేని దానిని యంత్రమే కనిపెట్టాలి.

మన పెద్దలు పాడుబావిలో పూడిక తీసే ముందు వెలిగించిన లాంతరును తాడుకు కట్టి దించేవారు. దీపం ఆరిపోతే మనిషి దిగేవాడు కాదు. మంచి ఉపాయమే. అయితే ఆ దీపం ప్రాణవాయువు చాలదని చెబుతుందే గాని కార్బన్ మోనాక్సైడు సంగతి చెప్పదు. మండే గ్యాసు ఉన్నచోట దీపమే ప్రమాదం. అందుకే ఏ గ్యాసుకు ఆ సెన్సారు.

మా తమ్ముని కుమారుడు ఈ పనిలోనే ఉన్నాడు. అతడు సెలవుకు వచ్చినప్పుడల్లా అడిగి రాసుకున్న సంగతులు మనవి చేస్తాను.

మొదటిది, సెన్సారు ఎక్కడ పెట్టాలన్నది. ఎల్.పి.జి. గాలికంటె ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. నీళ్లలాగా నేల వెంబడి పారి కాలువల్లో, గుంతల్లో నిలుస్తుంది. దానికి సెన్సారు నేల నుంచి అడుగు, అడుగున్నర ఎత్తులో ఉండాలి. విశాఖ హెచ్.పి.సి.ఎల్. రిఫైనరీలో 1997 సెప్టెంబరు 14న 60 మందికి పైగా ప్రాణాలు తీసింది ఈ గ్యాసే. మీథేన్, అమ్మోనియా తేలిక గనుక వాటికి కప్పు దగ్గర. కార్బన్ మోనాక్సైడు దాదాపు గాలి బరువే, కాబట్టి మనిషి ఊపిరి పీల్చే ఎత్తులో. 2020 మే 7న విశాఖ ఎల్.జి. పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది పోయినప్పుడు, ప్రభుత్వం వేసిన కమిటీ ఒక సంగతి బయటపెట్టింది. ట్యాంకులో వేడిని కొలిచే ఏర్పాటు అడుగునే ఉంది, పైభాగాన లేదు. అది గ్యాసు సెన్సారు కాకపోయినా పాఠం ఒకటే. యంత్రం ఉంటే చాలదు, ఉండవలసిన చోట ఉండాలి.

రెండవది వైరింగు. మండే గ్యాసు ఉండగల చోట్లను జోన్లుగా విడదీస్తారు. ఎల్లవేళలా ఉండేది 0, పని జరిగేటప్పుడు అప్పుడప్పుడు ఉండేది 1, ఏదైనా తేడా వస్తేనే కాసేపు ఉండేది 2. అక్కడ పెట్టే పెట్టె లోపల మంట పుట్టినా బయటికి రానివ్వకూడదు. దాని మూతకు ఒక్క బోల్టు లేకపోయినా ఆ రక్షణ పోయినట్టే. కవచమున్న కేబులు వేయాలి. కేబులు లోపలికి వెళ్లేచోట బిగించే గ్లాండు సరైన కొలతది కావాలి. వాడని రంధ్రాన్ని టేపుతోనో గుడ్డతోనో కాక ఆమోదం పొందిన ప్లగ్గుతోనే మూయాలి. కేబులు లోపలి తొడుగుకు ఎర్తింగు మామూలుగా ఒక్క కొసనే ఇస్తారు. రెండు కొసలా ఇస్తే లేనిపోని సంకేతాలు వస్తాయి. ఉత్తుత్తి మోతలు ఎక్కువైతే విసిగి ఎవరో ఒకరు సైరనే ఆపేస్తారు. పులి కథ మనకు తెలిసిందే.

మూడవది నాకు బాగా నచ్చిన సంగతి. గ్యాసు లేనప్పుడు ఆ వైరులో కరెంటు సున్నా కాదు, 4 మిల్లీ ఆంపియర్లు. పూర్తి కొలతకు 20. వైరు తెగితే కరెంటు సున్నాకు పడిపోతుంది, కంట్రోలు గదిలో లోపమని దీపం వెలుగుతుంది. ఇది మన నిల్ రిపోర్టే గదా! అంటువ్యాధి కేసు ఒక్కటి లేకపోయినా 'నిల్' అని రాసి పంపవలసిందే. నిల్ వస్తే అక్కడ క్షేమం. ఏ కాగితమూ రాకపోతే క్షేమమని అర్థం కాదు. వెంటనే రిమైండరు వేయాలి.

అయితే ఊరికి పోకుండా కూర్చున్నచోటనే రాసిన నిల్ రిపోర్టులు మనమెరగనివా? సెన్సారూ అంతే. మండే గ్యాసును పట్టే కొన్ని సెన్సార్లు సిలికోన్ ఆవిరి తగిలితే చచ్చిపోతాయి. రంగు వేసేవాడు సెన్సారు మూతి మీద కూడా బ్రష్షు తిప్పితే గ్యాసు లోపలికే పోదు. అయినా అది నమ్మకంగా 4 పంపుతూనే ఉంటుంది. అందుకే చిన్న సిలిండరులోని తెలిసిన గ్యాసును దానికి చూపించి, సైరను మోగుతుందో లేదో క్రమం తప్పకుండా పరీక్షించాలి. ఆ తేదీ రిజిస్టరులో ఎక్కాలి. పన్నెండు నెలల సంతకాలు ఒకే సిరాతో ఒకే పూట పెట్టిన రిజిస్టరు ఎలా ఉంటుందో ఆడిటు పార్టీలను చూసిన మనకు చెప్పనక్కరలేదు.

కాబట్టి ఉగాదికి పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు జీతం ఎంతని అడిగాక ఈ మూడూ అడగండి. నీవు పనిచేసే చోట ఏ గ్యాసు ఉంది? సెన్సారును చివరిసారి గ్యాసు పెట్టి ఎప్పుడు పరీక్షించారు? సైరను మోగితే ఏ వైపు పరుగెత్తాలి? ఇంకొక మాట కూడా చెప్పండి. లోపల ఎవరైనా పడిపోతే, శ్వాస పరికరం లేకుండా కాపాడబోయినవాడు రెండవ శవమవుతాడు. ముందు కేక వేయాలి, పరికరం ఉన్నవారిని పిలవాలి.

మీ ఇంటి వంటగదికి ఎల్.పి.జి. అలారం కొంటే అది కూడా గోడకు దిగువనే బిగించండి.